మనసు కవి ఆచార్య ఆత్రేయ

ఎన్జీవోలుగా ఉద్యోగ జీవితం గడిపిన మనకు ఆచార్య ఆత్రేయ గారు రెండు విధాల ఆప్తులు. చాలీచాలని జీతంతో ఈదుకొచ్చే గుమాస్తా సంసారాన్ని ‘ఎన్.జి.ఓ.’ నాటకంగా రంగస్థలం మీదికి తెచ్చింది వారే. చేజారిన ప్రేమను తలచుకుని కుమిలే మనిషి గోడును సినిమా పాటగా ఇంటింటికీ చేర్చిందీ వారే.

వారి అసలు పేరు కిళాంబి వేంకట నరసింహాచార్యులు. 1921 మే 7న నెల్లూరు జిల్లా సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో జన్మించారు. గోత్రనామాన్నే కలంపేరు చేసుకున్నారు. కొంతకాలం గుమాస్తాగా, మరికొంతకాలం పత్రికలో పనిచేశారు. నాటక రచయితగా పేరు వచ్చాక, 1951లో ‘దీక్ష’ చిత్రంతో పాటల రచన మొదలుపెట్టారు.

1971లో వచ్చిన ‘ప్రేమనగర్’ చిత్రానికి మాటలూ పాటలూ ఆయనవే. తనను తాగుడు నుంచి మళ్లించిన అమ్మాయినే కథానాయకుడు అనుమానిస్తాడు. ఆమె వెళ్లిపోతుంది. తప్పు తనదేనని అతనికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అక్కడ పాట రాయడం కత్తిమీద సాము. ఆమెను నిందిస్తే కథ చెడుతుంది, అతన్ని వెనకేసుకొస్తే నిజం చెడుతుంది. ఆత్రేయ గారు ఆ రెండూ చేయలేదు. మనసున్నందుకు మనిషి పడే బాధను, మనం అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే తెలుగులోనే చెప్పారు. మహదేవన్ గారి బాణీలో, ఘంటసాల గారి గొంతులో ఆ పాట ఊరూరా మోగింది.

ఆయన పాట అంత తేలికగా ఇచ్చేవారు కారు. ఎదురుచూసే నిర్మాతలు విసిగిపోయేవారని చిత్రసీమలో కథలు కథలుగా చెప్పుకునేవారు. తేలిక మాట దొరకడం ఎంత కష్టమో, రోజంతా ఫైళ్లలో బరువైన భాష రాసిన మనకు వేరే చెప్పాలా!

1988లో ‘అభినందన’ వచ్చింది. ప్రేమ విఫలమైన యువకుడి కథ. ఇళయరాజా సంగీతంలో పాటలన్నీ ఆత్రేయ గారే రాశారు. అప్పటికి ఆయనకు 66 ఏళ్లు. ఆ పాటలను కాలేజీ పిల్లలు తమవిగా పాడుకున్నారు. ప్రేమలో ఓడిన బాధకు వయసు లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

1989 సెప్టెంబరు 13న ఆత్రేయ గారు కన్నుమూశారు. పోగొట్టుకున్న బంధం గురించి ఎవరితోనూ చెప్పుకోలేని పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు. రేడియోలో ఆయన పాట వస్తే వారు మాటలు ఆపి వింటారు. ఆ మహాకవికి మన సంఘం తరపున నమస్సులు.