రేచర్ల రుద్రుడు

ఓరుగల్లు రాజధానిగా తెలుగునేలను ఏలిన కాకతీయ చక్రవర్తుల పేర్లు మనకు సుపరిచితాలు. వారి సింహాసనాన్ని ఆపత్కాలంలో నిలబెట్టిన సేనానుల పేర్లు మాత్రం అంతగా వినబడవు. అట్టివారిలో అగ్రగణ్యుడు రేచర్ల రుద్రుడు. రామప్పగుడిగా ప్రసిద్ధి పొందిన రుద్రేశ్వరాలయ నిర్మాత ఇతడే.

రేచర్ల వంశీయులు తరతరాలుగా కాకతీయులకు సామంతులై, సేనానులై సేవచేశారు. పన్నెండవ శతాబ్ది చివర కాకతీయ రాజ్యానికి గొప్ప విపత్తు సంభవించింది. దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో మహాదేవ మహారాజు మరణించాడు. అతని కుమారుడు గణపతిదేవుడు శత్రువులకు బందీగా చిక్కాడు. రాజులేని రాజ్యంలో సామంతులు తలలెత్తారు. పొరుగు రాజులు దండెత్తారు. ఆ సమయంలో రాజ్యభారాన్ని తన భుజాలపై వహించినవాడు రుద్రుడు. అతడు తిరుగుబాట్లను అణచి, శత్రువులను ఎదిరించి, ప్రజలకు ధైర్యం కలిగించాడు.

సైన్యం అతని ఆజ్ఞలో ఉంది. సింహాసనం శూన్యంగా ఉంది. అయినా దానిని ఆక్రమించాలన్న తలంపు అతనికి కలగలేదు. యాదవరాజు చెరనుండి విడుదలై వచ్చిన గణపతిదేవునికి రాజ్యాన్ని భద్రంగా అప్పగించి, తాను సేనానిగానే మిగిలాడు. 1199లో సింహాసనమెక్కిన గణపతిదేవుడు 1262 వరకు పాలించి తెలుగునేలలో అధికభాగాన్ని ఏకం చేశాడు. ఆ సుదీర్ఘ పాలనకు పునాది వేసినది రుద్రుని స్వామిభక్తియే.

ఖడ్గం పట్టిన చేతితోనే రుద్రుడు కళలనూ పోషించాడు. నేటి ములుగు జిల్లా పాలంపేటలో ఆలయం నిర్మించి, 1213లో తన పేర రుద్రేశ్వరుని ప్రతిష్ఠించినట్లు అక్కడి శాసనం తెలుపుతోంది. ఎత్తైన జగతిపై తూర్పుముఖంగా వెలసిన ఈ ఆలయాన్ని ఎరుపుఛాయగల ఇసుకరాతితో కట్టారు. పునాదిలో ఇసుకను నింపారు. శిఖరాన్ని నీటిపై తేలేటంత తేలికైన ఇటుకలతో నిర్మించి, గోడలపై పడే బరువును తగ్గించారు.

ఆలయ కుడ్యాల చుట్టూ బారులు తీరిన ఏనుగులు మనకు స్వాగతం పలుకుతాయి. మండపం వెలుపలి స్తంభాల నుండి చూరు వరకు ఏటవాలుగా నిలిచిన మదనికలు ఈ ఆలయానికే అలంకారాలు. నల్లరాతిలో మలచిన ఆ విగ్రహాల నునుపు అద్దాన్ని తలపిస్తుంది. సర్పాలను ధరించిన నాగిని, నాట్యభంగిమలో నిలిచిన నర్తకి సజీవమూర్తులుగా కనిపిస్తారు. లోపలి రంగమండపంలోని స్తంభాలపై, దూలాలపై నర్తకులు, వాద్యకారులు కొలువుతీరి ఉన్నారు. ఇరవయ్యవ శతాబ్దంలో నటరాజ రామకృష్ణ ఈ శిల్పాలను, కాకతీయ సేనాని జాయపుడు రచించిన నృత్తరత్నావళిని ఆధారం చేసుకొని పేరిణి నృత్యానికి పునర్జీవం పోశారు.

రుద్రుడు గుడితోపాటు ప్రజల సాగునీటిని గూర్చి కూడా ఆలోచించాడు. ఆలయానికి సమీపంలో కొండల నడుమ నిర్మించిన రామప్పచెరువు ఎనిమిది శతాబ్దాలు దాటినా నేటికీ వేల ఎకరాలను తడుపుతోంది. దేవునికి గుడి, రైతుకు చెరువు అన్నది కాకతీయుల కాలపు ధర్మం.

రుద్రుడు దేవునికి తన పేరు పెట్టుకున్నాడు. కాని ప్రజలు మాత్రం ఈ ఆలయాన్ని రామప్పగుడి అనే పిలుస్తున్నారు. రామప్ప అన్నది దీనిని మలచిన శిల్పి పేరని జనశ్రుతి. కట్టించిన ప్రభువు పేరు శాసనంలో నిలువగా, చెక్కిన శిల్పి పేరు ప్రజల నాలుకపై నిలిచింది. 2021లో యునెస్కో ఈ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించినప్పుడు ఆ రెండు పేర్లూ కలిసి లోకానికి వినిపించాయి.

చేతికందిన సింహాసనాన్ని కాదని, దాని అసలు వారసునికి అప్పగించిన నిస్వార్థపరుడు రేచర్ల రుద్రుడు. అధికారం కొంతకాలమే ఉంటుంది. విశ్వాసంతో చేసిన సేవ, ప్రజలకోసం చేసిన పని తరతరాలు నిలుస్తాయి. పాలంపేట శిలలు నేటికీ చాటుతున్న సత్యమిదే.