నియంత్రణ పీఠం ఎవరిది? అంబేద్కర్ అడిగిన ప్రశ్న

ఉన్నత విద్యను నియంత్రించే కొత్త చట్టం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా చర్చ ప్రమాణాలు, ర్యాంకులు, స్వయంప్రతిపత్తి చుట్టూ తిరుగుతుంది. ఆ చట్టం సృష్టించే పీఠంపై ఎవరు కూర్చుంటారు, దాని పరిధిలోని సంస్థల్లో ఎవరికి చోటు దక్కుతుంది అన్న ప్రశ్న వెనక్కి జరిగిపోతుంది. దాదాపు వందేళ్ల క్రితమే ఆ ప్రశ్నను చట్టసభలో నిలబెట్టినవారు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్. రాజ్యాంగ నిర్మాతగా ఆయనను నిత్యం స్మరిస్తున్నాం. విద్యా శాసనాల విమర్శకుడిగా ఆయన జీవితాన్ని తగినంతగా చదవలేదు.

1891 ఏప్రిల్ 14న మౌ సైనిక స్థావరంలో, మహర్ కులానికి చెందిన సైనికోద్యోగి ఇంట ఆయన పుట్టారు. 1907లో మెట్రిక్యులేషన్, 1912లో బొంబాయి విశ్వవిద్యాలయ పట్టా పూర్తిచేశారు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన ఉపకార వేతనంతో 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. తిరిగివచ్చి 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్య పదవి చేపడితే, అధ్యాపకుల కోసం ఉంచిన కుండలో నీళ్లు ఆయన తాగడాన్ని సహోద్యోగులు కొందరు ఆక్షేపించారు. విదేశీ పట్టా కూడా కులాన్ని చెరపలేదు. కొల్హాపూర్ పాలకుడు సాహూ మహారాజ్ చేయూత కూడా తోడై 1920లో లండన్‌లో చదువు కొనసాగించి, 1923లో డి.ఎస్‌సి. పట్టా పొందారు. ఇద్దరు సంస్థానాధీశుల ఔదార్యం ఒక ప్రతిభావంతుడిని నిలబెట్టింది. అలాంటి ఔదార్యం అందని లక్షలాది మందికి దారి చూపవలసింది చట్టమే.

ఆ దారి కోసం పోరాటం 1927లో బొంబాయి శాసనమండలిలో మొదలైంది. నామినేటెడ్ సభ్యుడిగా ప్రవేశించిన ఆయన, ఆ మార్చిలో విద్యా పద్దుపై మాట్లాడుతూ ప్రభుత్వ లెక్కలనే సాక్ష్యంగా నిలిపారు. విద్యపై తలసరి ఖర్చు 14 అణాలు. ఎక్సైజు రూపంలో అదే ప్రజల నుంచి రాబడుతున్నది తలసరి 2 రూపాయలకు పైమాటే. ఆర్ట్స్ కళాశాలల వ్యయంలో సుమారు 36 శాతం విద్యార్థుల ఫీజుల నుంచే వస్తోంది. విద్య సరుకుగా మారితే నష్టపోయేది అట్టడుగు కులాలేనని ఆయన వాదించారు. మహాడ్‌లో చవదార్ చెరువు నీటి హక్కు కోసం వేలాది మందితో కదిలినది కూడా ఆ నెలలోనే. చెరువు దగ్గర, కళాశాల దగ్గర ఆయన అడిగిన హక్కు ఒక్కటే: ఉమ్మడి సొత్తులో సమాన వాటా.

అదే ఏడాది బొంబాయి విశ్వవిద్యాలయ చట్ట సవరణ బిల్లు సభ ముందుకు వచ్చింది. విశ్వవిద్యాలయాన్ని నడిపే సెనేట్ మేధావుల వేదికగా ఉంటే చాలన్న ధోరణిని అంబేద్కర్ అంగీకరించలేదు. చదివే శక్తి ఉండీ పేదరికం వల్లనో, ఇతర అవరోధాల వల్లనో వెనకబడినవారికి విద్యను అందించే యంత్రాంగంగా ఆయన విశ్వవిద్యాలయాన్ని చూశారు. ఆ యంత్రాంగాన్ని నడిపే చోట వెనకబడిన వర్గాల ప్రతినిధులు ఉండి తీరాలన్నారు. ఇతర సౌకర్యాలను వదులుకున్నా, అత్యున్నత విద్యలో వాటాను మాత్రం ఈ వర్గాలు వదులుకోజాలవని తేల్చిచెప్పారు.

1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యాక, షెడ్యూల్డ్ కులాల సమస్యలపై వినతిపత్రం సమర్పించారు. శాస్త్ర, సాంకేతిక విద్యకు, విదేశీ చదువులకు ఉపకార వేతనాలు కోరారు. ప్రభుత్వ ముద్రణాలయాల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిస్‌లుగా శిక్షణ కోరారు. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాలకు ఈ కృషే పునాది. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని, మరుసటి ఏడాది బొంబాయిలో సిద్ధార్థ కళాశాలను స్థాపించారు.

రాజ్యాంగంలో ఉన్నత విద్యా ప్రమాణాల నిర్ణయం కేంద్ర జాబితాలోని 66వ అంశమైంది. ప్రవేశాల్లో న్యాయం కోసం మరో పోరాటం అవసరమైంది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో కోస్తాంధ్ర, రాయలసీమ కూడా ఉన్నాయి. అక్కడి వైద్య, ఇంజనీరింగ్ కళాశాలల్లో ప్రతి 14 సీట్లనూ వివిధ సామాజిక వర్గాలకు పంచిన కమ్యూనల్ జీవోను చంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. న్యాయశాఖ మంత్రిగా అంబేద్కర్ ఆ తీర్పును పార్లమెంటులో నిశితంగా విమర్శించారు. ఆ జూన్‌లోనే మొదటి రాజ్యాంగ సవరణ 15(4) అధికరణను చేర్చింది. అలా ప్రమాణాలూ ప్రవేశాలూ ఒకే రాజ్యాంగంలో రెండు బాధ్యతలయ్యాయి.

యూజీసీ చట్టం 1956 నవంబరులో అమల్లోకి వచ్చింది. డిసెంబరు 6న అంబేద్కర్ కన్నుమూశారు. ఆ చట్టంలోని సభ్యుల నియామక నిబంధన అధికారులకూ ఆచార్యులకూ చోటు కల్పించింది గానీ, అణగారిన వర్గాల ప్రాతినిధ్యాన్ని తప్పనిసరి చేయలేదు. 1927 నాటి ప్రశ్నకు అక్కడ జవాబు దొరకలేదు. 2005లో 93వ సవరణ 15(5) అధికరణ ద్వారా ప్రైవేటు సంస్థల్లోనూ రిజర్వేషన్లకు దారి తెరిచింది. మరుసటి ఏడాది వచ్చిన కేంద్ర చట్టం మాత్రం కేంద్ర విద్యాసంస్థలకే పరిమితమైంది. ఈలోగా ఉన్నత విద్య అధిక భాగం ప్రైవేటు చేతుల్లోకి వెళ్లిపోయింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల వల్ల సర్టిఫికెట్లు చేతికందక తెలుగు రాష్ట్రాల దళిత, బహుజన విద్యార్థులు పడుతున్న అవస్థ అంబేద్కర్ 1927లో హెచ్చరించిన వ్యాపారీకరణ ఫలితమే.

విశ్వవిద్యాలయాలకైనా, నైపుణ్య శిక్షణ సంస్థలకైనా, నియంత్రణ అవసరమే. నాసిరకం చదువుకు అందరికన్నా ఎక్కువ మూల్యం చెల్లించేది పేద కులాల పిల్లలే. అందుకే ఏ కొత్త బిల్లునైనా ఆయన జీవితం నేర్పిన మూడు కొలతలతో పరీక్షించాలి. నియంత్రణ సంస్థలో అణగారిన వర్గాల ప్రాతినిధ్యం చట్టబద్ధమా? ప్రైవేటు సంస్థల ప్రవేశాలకు 15(5) వర్తిస్తుందా? ఫీజు భారం ఎవరి నెత్తిన పడుతుంది? ఈ మూడింటికీ పాఠంలోనే సమాధానం లేని బిల్లును ఏ పేరుతో తెచ్చినా తిరస్కరించే హక్కు విద్యార్థి లోకానికి ఉంది.