అంకితం వెంకట నరసింగరావు

అంకితం వెంకట నరసింగరావు (1827 - 1892) విశాఖపట్నానికి చెందిన ఖగోళ శాస్త్రజ్ఞుడు, జమీందారు. నాటి ఆంగ్ల పత్రికలలో ఈయన పేరు 'నర్సింగ్ రో' అని కనిపిస్తుంది. మామగారు స్థాపించిన వేధశాలను 36 సంవత్సరాలపాటు సొంత ఖర్చుతో నిర్వహించాడు.

వేధశాల

ఈయన మామ గోడే వెంకట జగ్గారావు (1817 - 1856) మద్రాసు వేధశాలలో టి.జి.టేలర్ వద్ద విద్యనభ్యసించి, 1840లో విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లోని తన నివాసంలో వేధశాలను నెలకొల్పాడు. సొంత వేధశాలలు చాలావరకు యజమానితోనే అంతరిస్తాయి. జగ్గారావు కుమార్తె అచ్చయ్యమ్మను వివాహమాడిన నరసింగరావు దీనికి ఆ గతి పట్టనివ్వలేదు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగాన్ని సైతం వదలి, ఎస్టేటుతో పాటు వేధశాల బాధ్యతను స్వీకరించాడు.

కాలనిర్ణయం

వేధశాల వలన పట్టణానికి కలిగిన ముఖ్య ప్రయోజనం సరైన సమయం. నక్షత్రం మధ్యాహ్నరేఖను దాటే క్షణాన్ని దూరదర్శినిలో గమనించి, గడియారంతో పోల్చి, దాని తప్పును లెక్కించేవారు. ఆ సమయాన్ని డాల్ఫిన్స్ నోస్ కొండపై జెండా స్తంభం ద్వారా ఓడలకు తెలియజేసేవారు. ఇది అలంకారం కోసం చేసిన పని కాదు. ఓడలోని గడియారం 4 సెకండ్లు తప్పితే రేఖాంశంలో ఒక నిమిషం, అనగా ఈ అక్షాంశాల వద్ద సుమారు 1.8 కిలోమీటర్ల తేడా వస్తుంది.

వాతావరణ నమోదులు

భారమితి, ఉష్ణమాపకం, వర్షమాపకం కొలతలను క్రమం తప్పక నమోదు చేయించి, ఫలితాలను ముద్రించాడు. ఉష్ణమండలంలో భారమితిలోని పాదరసం ఉదయం సుమారు 10 గంటలకు పెరిగి, సాయంత్రం 4 గంటల ప్రాంతంలో తగ్గుతుంది. ఏళ్ళ తరబడి నమోదులు ఉన్నప్పుడే ఈ రోజువారీ తగ్గుదలకూ తుఫాను ముందు వచ్చే పతనానికీ భేదం తెలుస్తుంది. 1876 అక్టోబరులో విశాఖపట్నం తుఫానును చూసిన తీరానికి ఆ భేదం ప్రాణాలతో ముడిపడిన విషయం.

పరిశీలనలు

1868 ఆగస్టు 18 నాటి సూర్యగ్రహణాన్ని (సంపూర్ణ గ్రహణ మార్గం గుంటూరు, మచిలీపట్నంల మీదుగా సాగింది), 1874 డిసెంబరు 9 నాటి శుక్ర సంక్రమణాన్ని విశాఖపట్నం నుండి పరిశీలించాడు. 1871లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ, 1872లో రాయల్ జాగ్రఫికల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యాడు.

నరసింగరావు 1892లో మరణించాడు. తరువాత కుమారుడు అంకితం వెంకట జగ్గారావు ఖగోళ పరిశీలనలు కొనసాగించాడు. డాబాగార్డెన్స్ నేడు రద్దీ వ్యాపార కూడలి, వేధశాల లేదు.