వివియన్ థామస్

కొందరు శిశువులు పుట్టుకతోనే నీలివర్ణపు పెదవులతో, నీలివర్ణపు గోళ్ళతో ఉంటారు. హృదయ నిర్మాణంలోని లోపం వల్ల వారి రక్తం తగినంతగా ఊపిరితిత్తులకు చేరదు, ప్రాణవాయువు అందదు. 1944కు పూర్వం ఇట్టి శిశువులకు వైద్యులు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఈ స్థితిని మార్చినవారు ముగ్గురు. ఇద్దరు వైద్యులు, మూడవవాడు వడ్రంగి కుమారుడైన వివియన్ థామస్.

థామస్ 1910 ఆగస్టు 29న అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించాడు. నాష్‌విల్ నగరంలో పెరిగి, తండ్రి వద్ద వడ్రంగం నేర్చుకొన్నాడు. వైద్యుడు కావాలని డబ్బు కూడబెట్టాడు. ఇంతలో ఆర్థిక మాంద్యం వచ్చింది. పని పోయింది, డబ్బు దాచిన బ్యాంకు మూతపడింది. 1930లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ అనే శస్త్రవైద్యుని ప్రయోగశాలలో చేరాడు. రసాయన పరీక్షలు, జంతువులపై శస్త్రచికిత్స కొద్దికాలంలోనే పట్టుబడ్డాయి. చేసేది పరిశోధకుని పని. జీతపు పట్టీలో మాత్రం ఆయన ఊడ్చే పనివాడు.

1941లో బ్లేలాక్ బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలకు వెళుతూ థామస్‌ను వెంట తీసుకొనిపోయాడు. అక్కడ నల్లవారికి మరుగుదొడ్లు సైతం వేరు. తెల్లకోటు ధరించి నడిచే థామస్‌ను చూసి జనం నివ్వెరపోయేవారు.

ఆ వైద్యశాలలో పిల్లల హృద్రోగ విభాగానికి అధిపతి హెలెన్ టౌసిగ్. వినికిడి మందగించినందువల్ల ఆమె శిశువుల గుండె కదలికలను వ్రేళ్ళతో తడిమి గ్రహించేది. ఊపిరితిత్తులకు మరికొంత రక్తం మళ్ళించగలిగితే నీలిశిశువులు బ్రతుకుతారని ఆమె భావించింది. ఆ మార్గాన్ని పరీక్షించే బాధ్యత థామస్‌పై పడింది. ముందు కుక్కలలో ఆ జబ్బును కల్పించాలి, తరువాత నయం చేయాలి. సుమారు రెండు వందల కుక్కలపై ప్రయోగాలు జరిగాయి. చేతికి వెళ్ళే ధమనిని ఊపిరితిత్తుల ధమనికి కలిపి కుట్టే పద్ధతి కుదిరింది. అంత సన్నని నాళాలకు తగిన సూదులు లేవు. ఉన్న సూదులనే కురచ చేసి పదును పెట్టుకొన్నాడు. వడ్రంగం నేర్చిన చేయి కదా!

1944 నవంబరు 29న పదిహేను నెలల పాపకు తొలి శస్త్రచికిత్స జరిగింది. కత్తి పట్టినవాడు బ్లేలాక్. ఆయన వెనుక పీటపై నిలబడి, భుజం మీదుగా చూస్తూ, కుట్టు ఎటు వేయాలో చెప్పినవాడు థామస్. ఆ పాప కొన్ని నెలలకు మరణించింది. మూడవ చికిత్సలో మాత్రం, ధమనిపై బిగింపు సడలించగానే, ఆరేళ్ళ బాలుని పెదవులు గులాబీరంగుకు తిరిగాయి. ఆపై తల్లిదండ్రులు దూరదేశాల నుంచి సైతం బిడ్డలతో బాల్టిమోర్‌కు తరలివచ్చారు.

1945లో వెలువడిన పరిశోధనాపత్రంలో బ్లేలాక్, టౌసిగ్‌ల పేర్లున్నాయి. థామస్ పేరు లేదు. ఏకలవ్యుని కథ స్ఫురించడం సహజమే. కాని ద్రోణుడు బొటనవ్రేలు కోరాడు. ఇక్కడ గురువుకు ఆ వ్రేళ్ళన్నీ కావలసివచ్చాయి, పేరొక్కటే అక్కరలేకపోయింది. జీతం పెంపుకు బ్లేలాక్ పాటుపడిన మాట నిజమే. అయినా ఇల్లు గడవక థామస్ ఆయన ఇంటి విందులలో పానీయాలు అందించేవాడు. పగలు తన వద్ద కుట్లు నేర్చుకొన్న యువవైద్యులే అక్కడ అతిథులు.

ఆ శిష్యులే 1971లో ఆయన చిత్రపటాన్ని వేయించి వైద్యశాలకు సమర్పించారు. 1976లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అది వైద్యశాస్త్రంలో కాదు, న్యాయశాస్త్రంలో. శస్త్రచికిత్సా విభాగంలో బోధకునిగానూ నియమించింది. 1979లో పదవీ విరమణ చేసిన థామస్ 1985 నవంబరు 26న మరణించాడు. ఆయన ఆత్మకథ కొద్దిరోజుల తరువాత వెలువడింది. చిరకాలం బ్లేలాక్, టౌసిగ్‌ల పేర్లతోనే వ్యవహరింపబడిన ఆ శస్త్రచికిత్సను నేడు పలువురు వైద్యులు థామస్ పేరును కూడా చేర్చి పిలుస్తున్నారు.