నితాయ్ తల పగిలిన రాత్రి: జగాయ్, మాధాయ్‌ల కథ

హరేకృష్ణ మందిరానికి వెళ్ళినప్పుడు చేతులు పైకెత్తి నిలబడ్డ రెండు మూర్తులు మీరు చూసే ఉంటారు. ఒకరు చైతన్య మహాప్రభు. రెండోవారు నిత్యానంద ప్రభువు. ఇద్దరినీ కలిపి గౌర నితాయ్ అంటారు. చైతన్యుల గురించి మనలో చాలామందికి కొంతైనా తెలుసు. నిత్యానందులు మాత్రం మనకి పక్కన నిలబడి ఉండే ఆయనే. ఈ రోజు ఆ పక్కన ఉన్నాయన గురించే చెప్పుకుందాం. ముఖ్యంగా నవద్వీపం వీధిలో ఆయన తల పగిలిన రాత్రి గురించి.

ఆయన పుట్టింది బెంగాల్‌లోని ఏకచక్ర గ్రామంలో, 1474 ప్రాంతంలో. తండ్రి హడాయ్ పండితుడు, తల్లి పద్మావతి. 12 ఏళ్ళ వయసులో ఇంటికి ఒక సన్యాసి వచ్చి, తీర్థయాత్రలకి తోడుగా ఈ పిల్లాడిని పంపమని అడిగాడు. యాగ రక్షణకి రాముడిని పంపమని విశ్వామిత్రుడు అడిగితే దశరథుడు పడ్డ బాధ మనకి తెలుసు కదా, ఆ తండ్రి కూడా అదే గుర్తు చేసుకుని, గుండె రాయి చేసుకుని పంపించాడు. అక్కడి నుంచి దాదాపు 20 ఏళ్ళు నడకే. ఆ యాత్రలో మన శ్రీశైలం, తిరుమల కూడా ఉన్నాయని చైతన్య భాగవతం చెబుతుంది. ఆ గ్రంథం రాసిన వృందావన దాసు స్వయంగా నిత్యానందుల శిష్యుడు. కింద చెప్పేదంతా చాలా వరకు ఆయన రాసిందే.

యాత్ర ముగించుకుని నిత్యానందులు నవద్వీపం చేరేసరికి అక్కడ పరిస్థితి వేరు. గంగ ఒడ్డున ఉన్న ఆ ఊరు సంస్కృత చదువులకి, తర్క శాస్త్రానికి పెద్ద పేరు. 1486లో పుట్టిన విశ్వంభరుడు, అంటే నిమాయ్ పండితుడు, అక్కడే పాఠశాల నడిపేవాడు. తర్వాత చైతన్య మహాప్రభు అయింది ఈయనే. గయ వెళ్ళి రాకముందు ఈ నిమాయ్ ఎలా ఉండేవాడో తెలుసా? దారిలో ఎవరు కనబడినా ఆపి, వ్యాకరణంలో ఒక చిక్కు ప్రశ్న వేసి, ఓడించి నవ్వేవాడు. ఈ గోల పడలేక కొందరు ఆయన్ని దూరం నుంచి చూసి వేరే దారి పట్టేవాళ్ళట. చేతికి కర్ర లేదు, అంతే తేడా. గయ నుంచి తిరిగొచ్చాక ఆ గర్వమంతా పోయింది. శ్రీవాసుడి ఇంట్లో రాత్రంతా కీర్తనలు మొదలయ్యాయి.

అదే ఊరి వీధుల్లో ఇంకో ఇద్దరు ఉండేవాళ్ళు. జగన్నాథుడు, మాధవుడు. ఊరంతా పిలిచే పేర్లు జగాయ్, మాధాయ్. పుట్టింది మంచి బ్రాహ్మణ కుటుంబంలోనే. తాగుడు, దొంగతనం, ఇళ్ళు తగలబెట్టడం, దారిన పోయేవాళ్ళని కొట్టడం, ఇదీ వాళ్ళ రోజు. ఇద్దరూ ఒక క్షణం భుజాల మీద చేతులేసుకుని నడుస్తారు, మరుక్షణం ఒకడి జుట్టు ఒకడు పట్టుకుని రోడ్డు మీద పొర్లుతారు. ఎదురుగా ఎవరూ దొరక్కపోతే ఒకళ్ళనొకళ్ళే కొట్టుకునేవాళ్ళన్నమాట!

నిమాయ్ ఒకరోజు నిత్యానందులని, హరిదాసుని పిలిచి, ఇంటింటికీ వెళ్ళి కృష్ణ నామం చెప్పమని పంపించాడు. వాళ్ళు వీధిలో ఈ తాగిన జంటని చూశారు. దూరంగా నిలబడ్డ జనం వీళ్ళ చరిత్ర అంతా చెప్పి, దగ్గరికి పోవద్దని హెచ్చరించారు. నిత్యానందులకి మాత్రం వేరే ఆలోచన వచ్చింది. మద్యం మత్తులో ఇంతగా ఒళ్ళు మరిచిపోగలిగినవాళ్ళు, నామం రుచి దొరికితే ఇంకెంతగా మరిచిపోతారో అనుకున్నారు. వెళ్ళి చెప్పారు. ఆ ఇద్దరూ ఎర్రబడ్డ కళ్ళతో లేచి, పట్టుకోండి అని వెంటపడ్డారు.

అప్పుడు వీళ్ళిద్దరూ ఏం చేశారంటే, పరిగెత్తారు! నిజంగానే పరుగు. హరిదాసు అంటే ఎవరు? నామం వదలనన్నందుకు 22 బజార్లలో తిప్పి కొట్టించినా, కొట్టేవాళ్ళ మేలే కోరుకున్న మనిషి. దెబ్బలకి భయపడే రకం కాదు. అయినా పరిగెత్తాడు. నిత్యానందులైతే పరిగెడుతూనే నవ్వుతున్నారు. ఈ చంచలుడి వెంట వచ్చి నా ప్రాణం మీదకి తెచ్చుకున్నానని హరిదాసు సణుగుడు, నీ వల్లే ఇదంతా అని నిత్యానందుల ఎదురు వాదన. వీధిలో నలుగురూ చూస్తున్నారు, పరువు పోతుందన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. నాకు ఈ కథలో చాలా ఇష్టమైన చోటు ఇదే. బైక్ అద్దం తగిలిందని మొదలైన మాట కత్తుల దాకా ఎందుకు వెళ్తుందో ఒకసారి ఆలోచించండి. చాలాసార్లు అద్దం కారణం కాదు. వెనక్కి తగ్గితే పక్కనున్న ఫ్రెండ్ ఏమనుకుంటాడో అన్న భయమే కారణం.

ఆ జంట సంగతీ అంతే అనిపిస్తుంది నాకు. వాళ్ళు మకాం మార్చి నిమాయ్ స్నానం చేసే ఘాట్ దగ్గరికే వచ్చారు. దాంతో రాత్రిపూట గంగకి ఒంటరిగా వెళ్ళేవాళ్ళే లేరు. వెళ్తే పదిమందో ఇరవైమందో కలిసి వెళ్ళాలి. ఆస్తి లేదు, చదువు లేదు, ఇంటివాళ్ళ మర్యాద ఎప్పుడో పోయింది. వాళ్ళ దగ్గర మిగిలిందల్లా ఊరి భయమే. ఆ భయం తగ్గితే వాళ్ళు ఎవరూ కారు.

ఇంకో విచిత్రం. రాత్రి కీర్తన మొదలైతే, మృదంగం చప్పుడు విని ఈ ఇద్దరూ బయట చీకట్లో తాగుతూ చిందులేసేవాళ్ళు! అది మంగళచండి అమ్మవారి పాట అనుకునేవాళ్ళు. నిమాయ్ కనిపిస్తే బాగా పాడించావు పండితుడా అని మెచ్చుకునేవాళ్ళు కూడా. అంటే ఆ శబ్దం అప్పటికే వాళ్ళని ఎక్కడో తాకింది. తలుపు తట్టే ధైర్యం మాత్రం లేదు.

ఒక రాత్రి నిత్యానందులు ఒంటరిగా ఆ దారిన వస్తున్నారు. ఎవరు నువ్వు అని అరిచారు. తాను అవధూతనని ఆయన బదులిచ్చారు. అంతే! మాధాయ్ పగిలిన కుండ పెంకు ఎత్తి తల మీద కొట్టాడు. నెత్తురు ధారగా కారింది. తిట్టలేదు, చెయ్యెత్తలేదు, అయినా ఎందుకు కొట్టాడు? తాను అడగ్గానే వణకాల్సిన మనిషి వణకలేదు. అదే వాడికి తట్టుకోలేని విషయం అయ్యుంటుంది.

మాధాయ్ రెండోసారి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి జగాయ్ పట్టుకున్నాడు. పరాయి దేశం నుంచి వచ్చిన సన్యాసిని కొడితే నీకేం వస్తుందని ఆపాడు. ఇది చిన్న విషయం కాదు. ఇన్నేళ్ళుగా ఒకడు కొడితే రెండోవాడు ఇంకా గట్టిగా కొట్టడమే వాళ్ళ స్నేహం. తోడుదొంగ చెయ్యి పట్టుకుని ఆపాలంటే, వాడి కంట్లో పిరికివాడు కావడానికి సిద్ధపడాలి. అవతలివాడి చేతిలో పెంకు ఉంది, ఒంట్లో మత్తు ఉంది. ఆ దెబ్బ తన మీదకే తిరగొచ్చు. జగాయ్ వదల్లేదు.

కబురు అందుకుని నిమాయ్ భక్తులతో పరుగున వచ్చాడు. నిత్యానందుల ఒంటి మీద నెత్తురు చూడగానే ఆయనకి ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. సుదర్శన చక్రాన్ని పిలిచాడని, చక్రం వచ్చి నిలిచిందని భాగవతం చెబుతుంది. ఆ కోపాన్ని ఆపింది దెబ్బ తిన్న మనిషే. జగాయ్ నన్ను కాపాడాడు, నాకేమీ నొప్పి లేదు, ఈ ఇద్దరి శరీరాలూ నాకు భిక్షగా ఇవ్వమని నిత్యానందులు అడిగారు. జగాయ్ కాపాడాడన్న మాట వినగానే నిమాయ్ వాడిని కౌగిలించుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒకణ్ణి కొట్టనందుకు దొరికిన కౌగిలి అది. జగాయ్ స్పృహ తప్పి పడిపోయాడు.

అది చూసి మాధాయ్ కూడా కాళ్ళ మీద పడ్డాడు. పాపం ఇద్దరం కలిసే చేశాం కదా, దయలో తేడా ఎందుకని అడిగాడు. నిమాయ్ ఒప్పుకోలేదు. నెత్తురు ఎవరిదో క్షమించాల్సింది ఆయనేనని నిత్యానందుల వైపు చూపించాడు. నిత్యానందులు ఆలోచించడానికి కూడా ఆగలేదు. తన పుణ్యం ఏదైనా ఉంటే అంతా మాధాయ్‌కే ఇచ్చేస్తున్నానని చెప్పి లేవనెత్తారు.

చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. అసలు కష్టం తర్వాతే మొదలైంది. ఇద్దరూ తెల్లవారుజామునే గంగలో మునిగి, ఏకాంతంగా రోజుకి 2 లక్షల నామం చేసేవాళ్ళు. అయినా మాధాయ్‌కి శాంతి లేదు. తిండి సహించేది కాదు. నిత్యానందుల కాళ్ళు పట్టుకుని మళ్ళీ మళ్ళీ ఏడ్చేవాడు. పసిపిల్లాడు కొడితే తండ్రికి నొప్పా అని ఆయన ఓదార్చేవారు. అప్పుడు మాధాయ్ మనసులో ఉన్న అసలు ప్రశ్న బయటపెట్టాడు. మీరు కనిపిస్తున్నారు కాబట్టి మీ కాళ్ళు పట్టుకున్నాను. చీకట్లో, మత్తులో నేను కొట్టినవాళ్ళు ఎంతమందో, ఎవరో నాకే తెలియదు. వాళ్ళని ఎక్కడ వెతకను?

నిత్యానందులు చెప్పింది చాలా మామూలు పని. గంగ ఒడ్డున ఒక స్నానఘట్టం బాగు చెయ్యి. స్నానానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ దణ్ణం పెట్టి క్షమాపణ అడుగు. నువ్వు కొట్టినవాళ్ళు ఏదో ఒకరోజు ఆ నీళ్ళకి రాకపోరు.

మాధాయ్ పార పట్టాడు. మట్టి తవ్వి, ఒడ్డు చదును చేసి, సొంత చేతులతో ఘాట్ కట్టాడు. నిన్నటిదాకా ఏ గంగకి జనం గుంపుగా తప్ప రాలేదో, అక్కడే వచ్చిన ప్రతివాళ్ళ ముందూ సాష్టాంగ పడి, తెలిసో తెలియకో చేసిన తప్పు క్షమించమని అడిగేవాడు. పెద్దా చిన్నా తేడా లేదు. ఆ జనంలో ఒకప్పుడు వాడి దెబ్బలు తిన్నవాళ్ళూ ఉండే ఉంటారు. వాళ్ళు వాడిని గుర్తుపడతారు, వాడికి మాత్రం వాళ్ళ ముఖాలు గుర్తులేవు. దెబ్బ కొట్టడానికి పెంకు ఎత్తిన నిమిషం కంటే ఈ పని ఎన్ని రెట్లు ధైర్యం అడుగుతుందో చెప్పక్కర్లేదు. ఆ చోటుకి మాధాయ్ ఘాట్ అన్న పేరే నిలిచిపోయింది.

1510లో నిమాయ్ సన్యాసం తీసుకుని పూరి వెళ్ళారు. అక్కడి నుంచే దక్షిణాదికి వచ్చి సింహాచలం, గోదావరి తీరం కూడా చూశారు. నిత్యానందులని మాత్రం బెంగాల్‌లో నామ ప్రచారం చెయ్యమని పంపించారు. ఆయన తర్వాత వసుధ, జాహ్నవా దేవిలని పెళ్ళి చేసుకుని ఖడ్దహలో స్థిరపడ్డారు. నగలు పెట్టుకుని తిరిగే ఈ అవధూతని చూసి విమర్శించినవాళ్ళూ ఉన్నారు.

ఆ నగల మీద నవద్వీపంలోనే ఒక ముఠా కన్ను పడింది. నాయకుడు మళ్ళీ ఒక బ్రాహ్మణ కుర్రాడే. హిరణ్య పండితుడి ఇంట్లో ఆయన ఉండగా మూడు రాత్రులు ప్రయత్నించారు. మొదటి రాత్రి కాపు కాస్తూనే అందరూ నిద్రపోయారు. రెండో రాత్రి ఇంటి చుట్టూ ఎవరో కాపలా కనిపించారు. మూడో రాత్రి కళ్ళు కనిపించక గుంటల్లో, ముళ్ళల్లో పడి, గాలివానలో తడిసి వణికిపోయారు. ఆ నాయకుడు చివరికి వచ్చి మొత్తం తానే ఒప్పుకున్నాడు. నిత్యానందులు దొంగతనం, హింస మానెయ్యమన్నారు. తనలాంటి మిగతావాళ్ళని కూడా ఈ దారికి తీసుకురమ్మని చెప్పి, తన మెడలోని పూలమాల తీసి వాడి మెడలో వేశారు. వాడు ఆ మాలతోనే తన ముఠా దగ్గరికి తిరిగి వెళ్ళాడు.