గోధుమ పైరు – గులాబీ పూవు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో మందారం లేని పెరడు అరుదు. దేవుని పూజకు, తలనూనెకు, ముంగిటి శోభకు ఆ పూవు మన గృహజీవితంలో చిరకాలంగా కలిసిపోయింది. అయితే ఒక వీధిలోని ఎర్రమందారాలు తరచుగా ఒకే పోలికతో ఉండడం గమనింపదగిన విషయం. అవి విత్తనం నుండి పుట్టినవి కావు. ఒక ఇంటి కొమ్మను తెచ్చి మరొక ఇంట నాటగా పెరిగినవి. కొమ్మ తల్లిమొక్కకు ప్రతిరూపాన్నే ఇస్తుంది. కొత్త రంగు, కొత్త రూపు కావాలంటే ఒక పూవు పుప్పొడిని మరొక పూవు కీలాగ్రానికి చేర్చాలి. కాయ కట్టనివ్వాలి. గింజను మొలిపించాలి. ఆ మొలక పెరిగి పూసేదాకా ఓపిక పట్టాలి. ఈ ప్రక్రియనే సంకరణం అంటారు.

ఈ విద్యను దేశప్రజల ఆకలి తీర్చడానికీ, పెరటి పూలకు కొత్త అందం కూర్చడానికీ సమానమైన శ్రద్ధతో వినియోగించిన భారతీయ శాస్త్రజ్ఞుడు డాక్టర్ బెంజమిన్ పియరీ పాల్. ఉద్యోగధర్మంగా ఆయన గోధుమ పైరును సంస్కరించారు. తీరిక వేళలలో గులాబీలను సంకరం చేసి, వాటి మొలకలను పెంచారు. మొదటిది ఆయనకు కీర్తిని తెచ్చింది. రెండవది ఆయన హృదయాన్ని పట్టి ఇస్తుంది.

పాల్ 1906 మే 26న పంజాబ్‌లోని ముకుంద్‌పూర్ గ్రామంలో జన్మించారు. తండ్రి బర్మాలో వైద్యాధికారిగా పనిచేసేవారు. అందువల్ల పాల్ బాల్యమూ, విద్యాభ్యాసమూ ఆ దేశంలోనే సాగాయి. బర్మాలోని మేమ్యో చల్లని వాతావరణం గల కొండ పట్టణం. అక్కడి పూలతోటల నడుమ చదువుకొన్న బాలునికి మొక్కలపై మక్కువ ఏర్పడింది. రంగూన్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం అభ్యసించి, పట్టాలు పొంది, ఉన్నత పరిశోధనకై ఆయన ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి వెళ్ళారు.

ఆ కాలంలో కేంబ్రిడ్జి మొక్కల ప్రజననశాస్త్రానికి ప్రసిద్ధ కేంద్రం. బఠాణీ మొక్కలపై మెండెల్ చేసిన ప్రయోగాల ఫలితాలు సుమారు 35 సంవత్సరాలు మరుగున పడి, 1900లో తిరిగి వెలుగు చూశాయి. ఆ సూత్రాలను అనుసరించి రోలండ్ బిఫెన్ అనే శాస్త్రజ్ఞుడు 1905లో కేంబ్రిడ్జిలో ఒక ముఖ్యమైన సత్యాన్ని నిరూపించారు. గోధుమకు తుప్పు తెగులును తట్టుకొనే శక్తి కూడా రంగు, ఎత్తు వంటి లక్షణాల వలెనే తల్లిదండ్రుల నుండి సంతానానికి సంక్రమిస్తుందన్నదే ఆ సత్యం. అంటే, ఆ శక్తిని సంకరణం ద్వారా ఒక మొక్క నుండి మరొక మొక్క సంతతికి అందించవచ్చునన్నమాట. బిఫెన్, ఎంగిల్‌డౌ వంటి ఆచార్యుల సన్నిధిలో పాల్ గోధుమ సంకరాలపై పరిశోధన చేసి డాక్టరేట్ పట్టం పొందారు.

స్వదేశానికి మరలివచ్చి, కొంతకాలం బర్మా వ్యవసాయశాఖలో పనిచేసి, 1933లో ఆయన బీహారులోని పూసాలో ఉన్న వ్యవసాయ పరిశోధన సంస్థలో చేరారు. కొద్ది మాసాలకే, 1934 జనవరి 15న, బీహారును భయంకరమైన భూకంపం కుదిపివేసింది. సంస్థ భవనాలు దెబ్బతిన్నాయి. 1936లో ఆ సంస్థను ఢిల్లీకి తరలించారు. స్థలం మారినా పూసా అనే పేరు మారలేదు. స్వాతంత్ర్యానంతరం అదే భారత వ్యవసాయ పరిశోధన సంస్థగా ప్రఖ్యాతి వహించింది.

నాడు ఉత్తర భారతదేశపు గోధుమ రైతుకు తుప్పు తెగులు పరమశత్రువు. నలుపు, గోధుమరంగు, పసుపు అని ఆ తెగులు మూడు విధాలు. బూజు జాతికి చెందిన సూక్ష్మజీవులు ఆకులపైనా, కాండంపైనా తుప్పు వంటి పొడితో వ్యాపించి, గింజలోనికి పోవలసిన సారాన్ని పీల్చివేస్తాయి. ఏపుగా పెరిగిన పైరు కొద్ది వారాలలోనే తాలు గింజలతో మిగిలిపోతుంది. ఈ తెగులు బీజాలు మైదానాల మండువేసవిలో నశించినా, చల్లని కొండప్రాంతాలలో బ్రతికి ఉండి గాలివాటున తిరిగి దిగివస్తాయని కరమ్‌చంద్ మెహతా అనే శాస్త్రజ్ఞుడు కనుగొన్నారు. కనుక పొలాన్ని ఎంత శుభ్రంగా ఉంచినా ప్రయోజనం లేదు. మొక్కకే ఎదిరించే శక్తి కలగాలి.

పాల్ ఆ కార్యానికి పూనుకొన్నారు. అది సులభసాధ్యం కాదు. గోధుమ పూవు మూసి ఉన్న పొట్టులోనే తన పుప్పొడితో తానే ఫలిస్తుంది. దానిని సంకరం చేయాలంటే సన్నని పట్టుకారుతో పొట్టును విప్పి, పుప్పొడి రాలకముందే మూడు కేసరాలనూ తొలగించి, వేరొక వంగడపు పుప్పొడిని తెచ్చి అద్దాలి. ఒక్కొక్క పూవు నుండి లభించేది ఒక్క గింజ మాత్రమే. అట్లా పుట్టిన సంతతిని తరతరాలుగా పెంచి, బుద్ధిపూర్వకంగా తెగులు సోకించి, తట్టుకొని నిలిచిన వాటిని మాత్రమే ఏరుకోవాలి. ఒక తెగులును తట్టుకొన్నది మరొక దానికి లొంగిపోవచ్చు. మూడింటినీ తట్టుకొన్న దానికి గింజ నాణ్యత లేకపోవచ్చు. పైగా, తెగులును కలిగించే జీవి సైతం కొత్త రూపాలు దాల్చుతూ ఉంటుంది.

ఈ కృషి సుమారు రెండు దశాబ్దాలు సాగింది. ఆ నడుమనే 1943లో బెంగాలు కరువు లక్షలాది ప్రజలను బలిగొన్నది. 1947లో దేశవిభజన వల్ల సారవంతమైన పశ్చిమ పంజాబ్ గోధుమ భూములు పరాయివయ్యాయి. ధాన్యపు గింజ విలువ ఎంతటిదో దేశానికి తెలిసివచ్చిన కాలమది. 1950లో పాల్ భారత వ్యవసాయ పరిశోధన సంస్థకు డైరెక్టర్ అయ్యారు. 1954లో మూడు రకాల తుప్పు తెగుళ్ళనూ తట్టుకొనే ఎన్.పి. 809 అనే గోధుమ వంగడం ఆయన కృషి ఫలితంగా రూపొందింది. ఎన్.పి. అనగా న్యూ పూసా అని అర్థం.

అయినా సమస్య అంతటితో తీరలేదు. ఆనాటి భారతీయ గోధుమలు పొడవైన కాండం గలవి. ఎరువు అధికంగా వేస్తే వెన్ను బరువుకు నేలకు ఒరిగిపోయేవి. అందుచేత దిగుబడి ఒక హద్దును దాటలేకపోయింది. ఇరవై ఏళ్ళ శ్రమతో సాధించిన దానిని కాదని మరొక దారిని అంగీకరించడం ఏ శాస్త్రజ్ఞునికైనా పరీక్షయే. పాల్ డైరెక్టర్‌గా ఉండగానే 1963లో నార్మన్ బోర్లాగ్ భారతదేశానికి వచ్చారు. మెక్సికోలో రూపొందిన పొట్టి గోధుమలు మన పరిశోధన క్షేత్రాలలో అడుగుపెట్టాయి. పాల్ వాటికి అడ్డు చెప్పలేదు. ఆయన నాయకత్వంలోని సంస్థలోనే ఎం.ఎస్. స్వామినాథన్ ప్రభృతులు వాటిని పరీక్షించి, మన నేలకు తగినట్లు మలిచారు. 1966లో 18,000 టన్నుల మెక్సికో గోధుమ విత్తనం దేశానికి దిగుమతి అయినప్పుడు పాల్ భారత వ్యవసాయ పరిశోధన మండలికి అధిపతిగా ఉన్నారు. హరిత విప్లవానికి అది నాంది.

1965లో ఆయన ఆ మండలికి డైరెక్టర్ జనరల్ పదవిని స్వీకరించారు. ఆ పదవిని అధిష్ఠించిన మొదటి వ్యక్తి ఆయనయే. దేశంలోని పరిశోధన కేంద్రాలు ఒకే పైరుపై కలిసికట్టుగా పనిచేసే పద్ధతి ఆ కాలంలో విస్తరించింది. హైదరాబాదు సమీపంలోని రాజేంద్రనగర్ కేంద్రంగా అఖిల భారత వరి పరిశోధన పథకం 1965లోనే ఆరంభమైంది. 1967లో బెంగళూరు సమీపాన హెసరఘట్టలో భారత ఉద్యాన పరిశోధన సంస్థ వెలసింది.

ఇట్టి బృహత్కార్యాల నడుమ పాల్‌కు గులాబీలపై ధ్యాస ఎట్లా నిలిచిందన్నది ఆశ్చర్యకరమైన విషయం. ఆయన అవివాహితుడు. గులాబీలే ఆయన సంసారం. మన తోటలలోని మేలురకపు గులాబీలు అధికంగా ఐరోపా, అమెరికా దేశాలలోని చల్లని వాతావరణానికై రూపొందినవి. ఉత్తర భారతపు ఎండలకు అవి వాడిపోయేవి, రంగు వెలిసేవి. మన ఎండకు తాళి, రంగునూ పరిమళాన్నీ కోల్పోని గులాబీలు మనకు కావాలని పాల్ సంకల్పించారు. గోధుమపై నేర్చిన విద్యనే గులాబీపై ప్రయోగించారు.

గులాబీ సంకరణంలో ముందుగా విచ్చుకోబోయే మొగ్గను ఎన్నుకొని, దాని రేకులనూ కేసరాలనూ తీసివేస్తారు. తండ్రిగా ఎంచిన పూవు పుప్పొడిని కీలాగ్రాలపై అద్ది, తేనెటీగలు వాలకుండా కాగితపు సంచి తొడుగుతారు. ఏ తల్లికి ఏ తండ్రిని కలిపినదీ చీటీపై వ్రాసి కడతారు. కాయ పండడానికి కొన్ని మాసాలు పడుతుంది. లోపలి గింజలు గట్టివి. అవి అన్నీ మొలవవు, మొలిచినవీ ఒకేసారి మొలవవు. మొలకలలో ఏ ఒక్కటీ మరొక దానిని పోలి ఉండదు. వందలాది మొలకలలో నిలుపుకోదగినవి ఒకటి రెండు మాత్రమే. వాటిని కంటి అంటు ద్వారా వృద్ధి చేసి, ఏళ్ళ తరబడి పరీక్షించిన పిమ్మటనే పేరు పెట్టాలి. పెంచిన చేతితోనే తక్కిన వాటిని పెరికివేయడం ఈ విద్యలోని కఠినమైన నియమం.

ఈ విధంగా పాల్ సుమారు నూరు గులాబీ రకాలను రూపొందించారు. రోజ్ షర్బత్, ఢిల్లీ ప్రిన్సెస్, బంజారన్ వాటిలో కొన్ని. 1966లో విమాన ప్రమాదంలో అసువులు బాసిన అణుశాస్త్రవేత్త హోమీ భాభా స్మృత్యర్థం ఒక తెల్లని గులాబీకి ఆయన పేరు పెట్టారు. తన అనుభవాన్ని తనలోనే దాచుకొనక, భారతదేశంలో గులాబీల పెంపకంపై 1966లో ఒక ప్రామాణిక గ్రంథం ప్రకటించారు. అంతకు ముందే 1960లో తీగమొక్కలపై ఒక గ్రంథం వెలువరించారు. పూలపొదలపైనా, కాగితపు పూలపైనా ఇతరులతో కలిసి గ్రంథాలు రచించారు.

గులాబీకి చెల్లిన నియమాలే మందారానికీ చెల్లుతాయి. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థలో మందారాలను సంకరం చేసి అనేక కొత్త రకాలను వెలువరించారు. కుప్పానికీ, మదనపల్లెకూ ఆ చోటు ఎంతో దూరం కాదు. పెరటిలో రెండు రంగుల మందారాలు ఉన్న విద్యార్థికి సైతం ఈ ప్రయోగం అసాధ్యం కాదు. సాధారణంగా మందారం ఉదయం విచ్చుకొని, ఒక్కనాటిలోనే వాడిపోతుంది. కనుక పని ఆనాడే జరగాలి. పూవు నడుమ నుండి వెలువడిన గొట్టం చుట్టూ కేసరాలు, దాని కొసన ఐదు చిన్న గుండ్రని కీలాగ్రాలు ఉంటాయి. తల్లిపూవు కేసరాలను పుప్పొడి రాలకముందే తుంచివేసి, వేరొక పూవు పుప్పొడిని ఆ ఐదింటిపై మృదువుగా అద్దాలి. పూవు రాలినా, దాని అడుగున కాయ పచ్చగా నిలిచి ఉబ్బితే ప్రయత్నం ఫలించినట్లే. కాయ ఎండి పగిలే వేళకు గింజలు సేకరించి, నానబెట్టి, నీరు నిలువని మెత్తని మట్టిలో నాటాలి. మొలక తొలిపూవు పూయడానికి ఒక సంవత్సరమో, అంతకు మించియో పట్టవచ్చు. పెక్కు తోట మందారాలు కాయ కట్టనే కట్టవు. పదిసార్లు విఫలమై పదకొండవసారి ఫలించడం ఇక్కడ సహజం. ఓటమిని లెక్కగా వ్రాసుకొనే అలవాటు, పేరు తెలియని పూవు కోసం ఏడాది ఎదురుచూసే నిగ్రహం ఈ పని నేర్పే పాఠాలు.

పాల్ చిత్రకళాప్రియులు కూడా. 1941లో భారత జన్యుశాస్త్ర, మొక్కల ప్రజనన సంఘం స్థాపనకు ఆయన ముఖ్యకారకులు. 1968లో పద్మభూషణ్, 1987లో పద్మవిభూషణ్ పురస్కారాలు ఆయనను వరించాయి. 1972లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. అదే సంవత్సరం పదవీ విరమణ చేసి, పర్యావరణ పరిరక్షణకై ఏర్పడిన జాతీయ సంఘానికి ఆయన అధ్యక్షత వహించారు. 1989 సెప్టెంబరు 14న ఆయన పరమపదించారు.

పాల్ తన ఆస్తిని తాను పెరిగిన సంస్థకే వ్రాసి ఇచ్చారు. ఢిల్లీలోని ఆ సంస్థ ప్రాంగణంలో ఒక సభాభవనం నేడు ఆయన పేరుతో ఉంది. ఆయన సాధించిన ఎన్.పి. 809 స్థానంలో కొత్త గోధుమలు వచ్చాయి. వాటి స్థానంలో మరికొన్ని వచ్చాయి. వంగడాలకు ఆయుర్దాయం ఉంటుందని ఆయనకు ముందే తెలుసు. తాను తయారు చేసినది శాశ్వతం కాదని ఎరిగియుండి కూడా, ప్రతి మొలకనూ అదే తొలి మొలక అన్నంత శ్రద్ధతో పెంచడమే ఆయన జీవితంలోని ఔన్నత్యం. తిండిగింజకూ పూలరేకుకూ ఆయన తేడా చూపలేదు. ఒకటి మనిషిని బ్రతికించేదని, రెండవది ఆ బ్రతుకును కోరదగినదిగా చేసేదని ఆయన నిండు జీవితం నిరూపించింది.