కొవ్వొత్తి వెలుగులో ఇంగ్లీషు నేర్చిన బేగం రోకేయా

నేటి బంగ్లాదేశ్‌లోని రంగ్‌పూర్ ప్రాంతం, పైరాబంద్ గ్రామంలో 1880లో ఒక జమీందారీ కుటుంబాన బేగం రోకేయా జన్మించారు. ఘోషా కట్టుబాట్ల కారణంగా ఆమెకు బడి చదువు దక్కలేదు. ఆ ఇంట ఆడపిల్లలు ఇంగ్లీషు, బెంగాలీ నేర్చుకోవడం పెద్దలకు సమ్మతం కాదు.

కలకత్తాలో విద్యాభ్యాసం చేసిన అన్న ఇబ్రహీం సాబెర్ ఆమెకు తొలి ఇంగ్లీషు గురువు. ఇంటిల్లిపాదీ నిద్రించాక, కొవ్వొత్తి వెలుగులో చెల్లెలికి రహస్యంగా పాఠాలు చెప్పేవారు. ఆ పునాదిపై రోకేయా స్వయంకృషితో భాషను పెంపొందించుకున్నారు. వివాహానంతరం, భాగల్పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేటుగా ఉన్న భర్త సఖావత్ హుసేన్ ఆమె పఠనాన్ని, రచనను ప్రోత్సహించారు.

భర్త పర్యటనలో ఉండగా, ఒంటరితనాన్ని మరిచేందుకు ఆమె ఇంగ్లీషులో రాసిన కథ ‘సుల్తానాస్ డ్రీమ్’. 1905లో మద్రాసులోని ‘ఇండియన్ లేడీస్ మేగజైన్’ దానిని ప్రచురించింది. స్త్రీలు విజ్ఞానబలంతో పాలించే, పురుషులు ఘోషాలో ఉండే దేశాన్ని ఆ కథ కళ్లకు కట్టింది.

1909లో భర్త మరణించారు. అదే ఏడాది ఆయన పేరిట భాగల్పూర్‌లో 5 మంది బాలికలతో ఆమె పాఠశాల స్థాపించారు. కుటుంబ కలహాల వల్ల అక్కడినుంచి తరలివచ్చి, 1911లో కలకత్తాలో 8 మందితో పునఃప్రారంభించారు. ఇంటింటికీ వెళ్లి తల్లిదండ్రులను ఒప్పించారు. పరదాలు కట్టిన బండ్లలో బాలికలను బడికి రప్పించారు.

1932 డిసెంబర్ 9న కలకత్తాలో ఆమె కన్నుమూశారు. బంగ్లాదేశ్ ఏటా ఆ తేదీని రోకేయా దినంగా పాటిస్తోంది. తనకు రాత్రివేళ రహస్యంగా అబ్బిన చదువును ఇతర బాలికలకు పట్టపగలు, బడిలోనే అందించిన ధన్యురాలు రోకేయా.